ఎండాకాలంలో ఇడ్లీపిండి పులిసిపోకుండా: తిరుపతి ఇళ్లకు ఏ పద్ధతి సరిపోతుంది?

తిరుపతిలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా ఒకటే మాట. రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పులిసిపోయింది. అదే బియ్యం, అదే ఉద్దిపప్పు, అదే గ్రైండర్. జనవరిలో మల్లెపువ్వులా వచ్చిన ఇడ్లీ మే నెలలో గట్టిగా, పుల్లగా వస్తుంది. పప్పు మంచిది కాదని కొందరు షాపు మారుస్తారు. కొందరు మెంతులు పెంచుతారు, కొందరు సోడా వేస్తారు. నిజానికి మారింది వేడి ఒక్కటే. దాన్ని దారిలో పెట్టకుండా ఇంకేం మార్చినా పెద్దగా ఫలితం ఉండదు.

పులిసేటప్పుడు వేడి ఎంత ఉందన్నదే రుచిని నిర్ణయిస్తుందని బాగా పట్టుకున్నది బీరు కాచేవాళ్లు. జర్మనీ ఇంజనీరు కార్ల్ వాన్ లిండే 1870ల్లో తన తొలి శీతలయంత్రాన్ని పెట్టింది మ్యూనిక్‌లోని స్పాటెన్ అనే బీరు ఫ్యాక్టరీలోనే. ఏల్ రకం బీరుకు సాధారణంగా 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, లాగర్ అనే ఇంకో రకానికి 8 నుంచి 13. అంతకు మించి వేడెక్కితే బీరును పులియబెట్టే ఈస్టు అనే సూక్ష్మజీవి తొందరపడి గొంతులో మండే ఘాటైన ఆల్కహాల్‌లను, అక్కర్లేని పండ్ల వాసనలను పుట్టిస్తుంది. చట్టం ఒప్పుకునే దేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు అందుకే సరుకు కంటే ముందు ఈ వేడి సంగతి చూసుకుంటారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం కాబట్టి బీరు జోలికి నేను పోవడం లేదు. వాళ్లు వాడే పద్ధతులు మాత్రం మన పిండికి అచ్చంగా సరిపోతాయి. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పడానికే ఇదంతా.

పిండిలో అసలేం జరుగుతుంది?

ఉద్దిపప్పు మీద సహజంగానే ఉండే సూక్ష్మజీవులు పిండిని పులియబెడతాయి. వీటిలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడ్స్ అనే బ్యాక్టీరియా. ఇది పులుపుతో పాటు కార్బన్ డయాక్సైడ్ గాలిని కూడా పుట్టిస్తుంది. ఆ గాలిని ఉద్దిపప్పు జిగురు పట్టి ఉంచడం వల్లే పిండి పొంగుతుంది. దీనికి 20 నుంచి 30 డిగ్రీల మధ్య బాగుంటుంది. వేడి 35 దాటితే ఇది వెనకబడి, పులుపు మాత్రమే పుట్టించే వేరే బ్యాక్టీరియా ముందుకొస్తాయి. అప్పుడు గాలి తక్కువ, పులుపు ఎక్కువ.

అంటే వేడిలో పిండి త్వరగా పులవడం ఒక్కటే సమస్య కాదు. వేరే రకంగా పులుస్తుంది. అందుకే మే నెలలో గడియారం చూసి, నాలుగు గంటల్లోనే ఆపేద్దాం అనుకున్నా జనవరి ఇడ్లీ రాదు. పొంగు సరిగా రాకముందే పులుపు వచ్చేసి ఉంటుంది. మెత్తటి ఇడ్లీ కావాలంటే పిండిని 26 నుంచి 30 డిగ్రీల మధ్య 9 నుంచి 12 గంటలు ఉంచాలి. 35 దగ్గర ఆ పని అయిదారు గంటల్లోనే అయిపోతుంది, అదీ సగం పొంగుతోనే.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీ వంటింట్లో రాత్రి పది గంటలకు ఎంత వేడి ఉంటోంది? ఫోన్లో కనిపించేది ఊరి వేడి, మీ గదిది కాదు. తిరుపతిలో పైఅంతస్తు పోర్షన్లలో మిద్దె స్లాబు పగలంతా ఎండను తాగి అర్ధరాత్రి దాకా వేడిని కిందికి వదులుతుంది. బయట 31 ఉన్నప్పుడు లోపల 35 ఉండటం మామూలే. కింది అంతస్తులో, మట్టిమిద్దెలో ఉండేవాళ్ల లెక్క వేరు. కొన్ని వందల్లో దొరికే స్టీలు పుల్ల డిజిటల్ థర్మామీటరు ముందు కొనండి. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. కొలవాల్సింది గది గాలిని కాదు, పిండి మధ్యలో.

రెండోది గాలిలో తేమ. ఏప్రిల్, మే నెలల్లో పొడిగా ఉండే మన గాలి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో బాగా చెమ్మగా మారుతుంది. కింద చెప్పే ఒక పద్ధతి పూర్తిగా దీని మీదే నడుస్తుంది.

పిండి ఎంత, కరెంటు ఎంత నమ్మకం, అర్ధరాత్రి లేచి చూసే ఓపిక ఉందా, వంటింట్లో చోటుందా అన్నవి మిగిలినవి. ఇద్దరున్న ఇంట్లో రెండు లీటర్ల పిండికీ, టిఫిన్ సెంటరు వాళ్ల ఇరవై లీటర్ల పిండికీ ఒకే జవాబు ఉండదు.

పద్ధతి 1: చల్లగా రుబ్బడం

దీనికి ఏమీ కొనక్కర్లేదు. అయినా నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మిగతా ఏ పద్ధతి ఎంచుకున్నా దీన్ని దానికి జత చేయాలి.

మే నెలలో మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెడితే కాలేంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లలో బియ్యం, పప్పు నానబెడితే నానే దశలోనే పులవడం మొదలవుతుంది. తర్వాత మిక్సీలో రుబ్బితే బ్లేడు రాపిడికి ఇంకా వేడెక్కి, పిండి గిన్నెలోకి వచ్చేసరికే 37, 38 డిగ్రీలు ఉంటుంది. రెండు మూడు లీటర్ల పిండి ఆ వేడిని గంటల తరబడి వదలదు. గది చల్లబడినా పిండి లోపల చల్లబడటం ఆలస్యం. అసలు చెడ్డ పులుపు తయారయ్యేది ఆ మొదటి మూడు నాలుగు గంటల్లోనే.

కాబట్టి బియ్యం, పప్పు ఫ్రిజ్‌లోనే నానబెట్టండి. పప్పుకు నాలుగు గంటలు, బియ్యానికి ఆరు గంటలు కావాలి. చల్లటి నీళ్లలో నానడం కాస్త నెమ్మది కాబట్టి ఇంకో గంట, రెండు గంటలు కలుపుకోండి. పప్పు నానిన నీళ్లను పారబోయకుండా ఫ్రిజ్‌లోనే ఉంచి రుబ్బేటప్పుడు పోయండి. మిక్సీ అయితే ఐసు ముక్కలు వేస్తూ, మధ్యలో ఆపుతూ తిప్పాలి. గ్రైండర్‌లో పిండి ఇంత వేడెక్కదు, అయినా ఐసు నీళ్లే పోయడం మంచిది. ఇలా చేస్తే పిండి 24, 25 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. అక్కడి నుంచి గది వేడికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ ల్యూకోనాస్టాక్‌కు నచ్చే వేడిలోనే గడుస్తాయి.

ఉప్పు విషయం కూడా ఇక్కడే. చలికాలంలో పులిసిన తర్వాత ఉప్పు వేసుకునేవాళ్లు ఎండాకాలంలో రుబ్బగానే వేసి కలపండి. ఉప్పు పులవడాన్ని కొంచెం నెమ్మది చేస్తుంది.

లోటు ఏంటంటే, ఇది మొదలు చల్లగా ఉంచుతుంది కానీ రాత్రంతా కాపాడలేదు. గది 32 లోపు ఉండే ఇళ్లకు ఇదొక్కటి చాలు. అంతకు మించితే తోడు కావాలి.

పద్ధతి 2: తడిగుడ్డ, నీళ్ల బేసిన్, మట్టికుండ

మన పెద్దవాళ్ల పద్ధతి. వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో పిండి గిన్నె పెట్టి, గిన్నె చుట్టూ కాటన్ గుడ్డ కప్పి, దాని అంచులు నీళ్లలో మునిగేలా వదలాలి. గుడ్డ నీళ్లను పైకి లాగుతుంది, ఆవిరయ్యే నీరు గిన్నెలోని వేడిని తీసుకెళ్తుంది. ఫ్యాను గాలి తగిలితే మరీ మంచిది. ఫ్రిజ్ పెట్టే చోటు లేని, బీరు కాచేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు. పలమనేరు మట్టిపనికి పేరున్న ఊరు. అలాంటి చోట కొన్న, లోపల గ్లేజు (గాజులాంటి నున్నటి పూత) వేయని కుండ అయితే కుండ గోడే గుడ్డ పని చేస్తుంది.

ఇది ఎంత చల్లబరుస్తుందో గాలిలోని తేమ చెబుతుంది. 40 డిగ్రీల వేడిలో తేమ 30 శాతం ఉంటే, ఆవిరితో లెక్క ప్రకారం దాదాపు 26 డిగ్రీల దాకా దిగవచ్చు. ఇంట్లో అంత దిగదు, 28, 29 వచ్చినా మనకు చాలు. అదే అక్టోబరులో 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున ఎంత తడిపినా 29 కంటే కిందికి రాదు. నిజానికి 30, 31 దగ్గరే ఆగిపోతుంది. అంటే నడి ఎండాకాలంలో బ్రహ్మాండంగా పనిచేసే ఈ పద్ధతి, వానలకు ముందు ఉక్కపోత రాత్రుల్లో చేతులెత్తేస్తుంది.

మట్టికుండతో ఇంకో జాగ్రత్త. దాని రంధ్రాల్లో పాత పిండి నిలిచిపోతుంది. సబ్బు వాడకుండా వేడినీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టే ఓపిక ఉంటేనే పిండి నేరుగా కుండలో పోయండి. లేదంటే స్టీలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను కుండలో పెట్టి మధ్యలో నీళ్లు పోయండి.

కరెంటు పోయినా నడిచేది, ఖర్చు లేనిది కాబట్టి కింది అంతస్తు ఇళ్లకు, రూముల్లో ఉండి చదువుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. సద్దన్నం కుండకూ ఇదే ఏర్పాటు చేసుకోవచ్చు.

పద్ధతి 3: థర్మోకోల్ పెట్టె, ఐసు సీసాలు

ఖర్చుకు, ఫలితానికి మధ్య చక్కగా కుదిరేది ఇదని నా అభిప్రాయం. మందుల షాపుల్లోనో చేపల మార్కెట్‌లోనో మందపాటి థర్మోకోల్ పెట్టె దొరుకుతుంది. చేపల పెట్టె వాసన వదలదు కాబట్టి మందుల షాపుదే మేలు. పిండి గిన్నె, దాని పక్కన గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి పట్టేంత ఉండాలి.

ఇది ఎంతకాలం పనిచేస్తుందో లెక్క వేసి చూద్దాం. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలోకేలరీల వేడిని పీల్చుకుంటుంది. నాలుగు కిలోల పిండిని 36 నుంచి 28కి దించడానికి దాదాపు 27 కిలోకేలరీలు కావాలి, అంటే మూడో వంతు కిలో ఐసు. తర్వాత రాత్రంతా గోడల్లోంచి లోపలికి వచ్చే వేడిని మోయాలి. ఇంచు మందం ఉన్న మామూలు సైజు పెట్టె, బయట 34, లోపల 27 ఉంటే ఎనిమిది గంటల్లో లోపలికి దూరే వేడి 60 కిలోకేలరీల చుట్టూ ఉంటుంది. అంటే పిండిని ముందే చల్లగా రుబ్బి ఉంటే ఒక లీటరు సీసాతో రాత్రి గడిచిపోతుంది. వేడిగా రుబ్బితే రెండో సీసా కావాలి. మొదటి పద్ధతిని వదలొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ పద్ధతిలో ఎదురయ్యే ఇబ్బంది అతి చల్లదనం. సీసా గిన్నెను తాకితే ఆ వైపు పిండి 18 డిగ్రీలకు పడిపోయి, ఇంకో వైపు 30 ఉంటుంది. తెల్లారి చూస్తే సగం పొంగి సగం పొంగదు. సీసాను టవల్‌లో చుట్టండి, గిన్నెకూ సీసాకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. ఒక లీటరు సీసాకు బదులు అర లీటరువి రెండు పెట్టి, పడుకునే ముందు ఒకసారి థర్మామీటరు చూసి అవసరమైతే ఒకటి తీసేయండి. సీసాను నిండా నింపి గడ్డకట్టించకూడదు. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది, సీసా పగులుతుంది.

ఫ్రీజరు చిన్నదైన ఇళ్లలో రోజూ రెండు సీసాలకు చోటు దొరకదు. ఊరెళ్లొచ్చిన రోజున గడ్డకట్టిన సీసా సిద్ధంగా ఉండదు. ఇది మర్చిపోకుండా చేసేవాళ్ల పద్ధతి.

పద్ధతి 4: బయట కాసేపు, ఫ్రిజ్‌లో మిగతా

రుబ్బాక నాలుగైదు గంటలు బయట ఉంచి, పొంగడం మొదలవగానే ఫ్రిజ్‌లో పెట్టడం. ఉద్యోగాలు చేసే ఇళ్లలో చాలామంది చేసేది ఇదే. తప్పేమీ లేదు. కానీ చాలామంది ఆశించినట్టు ఫ్రిజ్ పిండిని వెంటనే ఆపేయదు. మూడు లీటర్ల గిన్నె ఫ్రిజ్‌లో చల్లబడటానికి గంటలు పడుతుంది. మధ్యలో ఉన్న పిండి ఆ గంటలన్నీ పులుస్తూనే ఉంటుంది. అందుకే రాత్రి పదింటికి సరిగ్గా ఉన్న పిండి ఉదయానికి ఒక మెట్టు ఎక్కువ పులిసి ఉంటుంది.

పిండిని లోతు తక్కువ ఉన్న రెండు మూడు డబ్బాల్లోకి పోసి పెట్టండి. చల్లబడటం చాలా త్వరగా అవుతుంది. అలాగే మీకు కావాల్సిన పొంగుకు కాస్త ముందే లోపల పెట్టండి. దోసెకు ఈ పద్ధతి బాగుంటుంది, ఎందుకంటే దోసెకు ఇడ్లీకి కావాల్సినంత గాలి అక్కర్లేదు. ఎర్రకారం దోసె వేసుకునే ఇళ్లకు కొంచెం పులుపు ఉంటేనే బాగుంటుంది కూడా. మెత్తటి ఇడ్లీకి మాత్రం ఈ పద్ధతి నాకు అంతగా నచ్చదు.

పద్ధతి 5: పాత ఫ్రిజ్, థర్మోస్టాట్

బీరు కాచేవాళ్లు చివరికి చేరుకునేది ఇక్కడికే. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ ఒకటి తీసుకుని, దాని ప్లగ్గును గోడకు కాకుండా బయటి డిజిటల్ థర్మోస్టాట్‌కు ఇవ్వాలి. ఎస్‌టీసీ-1000 అనే రకం దీనికి బాగా పేరున్నది. దాని సెన్సర్ తీగను ఫ్రిజ్ లోపలికి పంపి 28 డిగ్రీలు అని పెడితే, వేడి అంతకంటే ఒక డిగ్రీ ఎక్కితే ఫ్రిజ్ ఆన్ అవుతుంది, 28కి రాగానే ఆగిపోతుంది. ఫ్రిజ్ సొంత నాబ్‌ను పూర్తి చల్లదనానికి తిప్పి వదిలేయాలి. 34 డిగ్రీల గదిలో లోపల 28 ఉంచడానికి ఫ్రిజ్‌కు పెద్దగా పని ఉండదు. రోజంతా 4 డిగ్రీలు ఉంచే ఫ్రిజ్‌తో పోలిస్తే కరెంటు చాలా తక్కువ కాలుతుంది.

మూడు విషయాల్లో మాత్రం శ్రద్ధ కావాలి. సెన్సర్‌ను గాలిలో వేలాడదీయకండి. గిన్నె పక్కన ఆనించి, పైన మడత గుడ్డ పెట్టి టేపు వేయండి. గాలి త్వరగా చల్లబడుతుంది, పిండి నెమ్మదిగా. సెన్సర్ గాలిని కొలిస్తే ఫ్రిజ్ పిండి సంగతి తెలియకుండా ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. రెండోది, కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ తిరగకుండా కనీసం మూడు నుంచి అయిదు నిమిషాల ఎడం పెట్టే సెట్టింగ్ ఆ థర్మోస్టాట్‌లో ఉంటుంది, దాన్ని తప్పక పెట్టుకోండి. లేదంటే కంప్రెసర్ పాడవుతుంది. మూడోది, అది 230 వోల్టుల వైరింగ్. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. సొంతంగా వైర్లు కలపొద్దు.

ఎండాకాలంలో కరెంటు ఒకటి రెండు గంటలు పోయినా ఇది తట్టుకుంటుంది. మూసిన ఫ్రిజ్ మంచి థర్మోకోల్ పెట్టె లాంటిదే కాబట్టి అంతసేపు లోపలి వేడి పెద్దగా మారదు. లోపల తేమ చేరుతుంది, వారానికోసారి పొడిగుడ్డతో తుడవకపోతే బూజు వస్తుంది.

ఇంకో లాభం ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో తిరుపతిలోనే 20 కంటే దిగువకు వెళ్తుంది. మదనపల్లె, పలమనేరు వైపు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు కాబట్టి చలి ఇంకా ఎక్కువ. అలాంటి రాత్రుల్లో పిండి పొంగడానికి చాలా సేపు పడుతుంది. ఆ థర్మోస్టాట్‌కే వేడి చేసే వైపు ఒక పాతకాలం ఫిలమెంటు బల్బు తగిలిస్తే, అదే ఫ్రిజ్ చలికాలంలో వెచ్చటి పెట్టె అవుతుంది. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, దాని వేడి చాలదు.

చోటు, ఖర్చు దీని లోటు. కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతది ఎక్స్ఛేంజికి ఇచ్చేద్దామనుకునే ఇంటికి ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనిపించదు. పిండి కోసమే సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొనడం మాత్రం రోజూ పెద్ద మొత్తంలో రుబ్బేవాళ్లకే తగును.

పద్ధతి 6: ఏసీ గది

రాత్రి ఎలాగూ 26, 27లో ఏసీ వేసుకుని పడుకునే ఇల్లయితే గిన్నెను ఆ గదిలోనే మూలన పెట్టుకోండి. పిండి కోసమే ఏసీ వేయడం దండగ. గాలి నేరుగా తగిలితే పైపొర ఎండుతుంది, తడిగుడ్డ కప్పండి. తెల్లవారుజామున ఏసీ ఆపే అలవాటు ఉంటే చివరి గంటల్లో పిండి వేగం అందుకుంటుందని గుర్తుంచుకోండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | పిండిలో వచ్చే వేడి (మే, గది 34–35) | ఉక్కపోతలో | కరెంటు పోతే | శ్రమ | ఎవరికి |
|---|---|---|---|---|---|
| చల్లగా రుబ్బడం | మొదట 25, తెల్లారికి 32–33 | అలాగే | ఇబ్బంది లేదు | కొంచెం ప్లాను | అందరికీ, మిగతావాటికి తోడుగా |
| తడిగుడ్డ, కుండ | 28–30 | బలహీనం | ఇబ్బంది లేదు | తక్కువ | కింది అంతస్తు, రూముల్లో ఉండేవాళ్లు |
| థర్మోకోల్, ఐసు | 26–29 | బాగుంటుంది | ఇబ్బంది లేదు | రోజూ సీసాలు | నలుగురైదుగురున్న ఇళ్లు |
| బయట, తర్వాత ఫ్రిజ్ | 34, తర్వాత నెమ్మదిగా 5 | అలాగే | మధ్యస్థం | తక్కువ | దోసె ప్రియులు, ఉద్యోగస్తులు |
| పాత ఫ్రిజ్, థర్మోస్టాట్ | 28, కదలదు | బాగుంటుంది | ఒకటి రెండు గంటలు ఓకే | మొదట్లోనే | ఉమ్మడి కుటుంబాలు, టిఫిన్ వ్యాపారం |
| ఏసీ గది | 26–28 | బాగుంటుంది | గది వేడెక్కుతుంది | లేదు | ఏసీలో పడుకునేవాళ్లు |

ఇవి గిన్నె సైజును బట్టి, ఇంటిని బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి.

మీ ఇంటికి ఏది?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు, వారానికి రెండుసార్లు రుబ్బుతారు అనుకుందాం. ఉదయం వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌లో నానబెట్టండి. సాయంత్రం వచ్చి చల్లగా రుబ్బి, థర్మోకోల్ పెట్టెలో ఒక సీసాతో పెట్టండి. ఉదయం ఆరింటికి ఇడ్లీ వేసుకుని, మిగిలింది లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌కు ఎక్కించండి. ఆ మిగిలింది రెండో రోజు దోసెకు సరిగ్గా ఉంటుంది.

పెద్దవాళ్లున్న ఇంట్లో బరువులు ఎత్తడం, సీసాలు మార్చడం కష్టం. వాళ్లకు తడిగుడ్డ బేసినే సుఖం. వంటింటి గట్టు మీదే ఉంటుంది, గిన్నె ఎత్తక్కర్లేదు. ఉక్కపోత రోజుల్లో మాత్రం బేసిన్ నీళ్లలో పది పన్నెండు ఐసు ముక్కలు వేస్తే లోటు తీరిపోతుంది.

ఇంట్లోనే పిండి రుబ్బి అమ్మేవాళ్లు, చిన్న టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లు ఇంతవరకు చదివి తమ సంగతి ఏంటని అడుగుతారు. మీకు పద్ధతి కంటే ముందు పాత్ర మార్చాలి. ఇరవై లీటర్ల పెద్ద డబ్బాలో మధ్యలో ఉన్న పిండికి చల్లదనం చేరడానికే తెల్లారిపోతుంది, చుట్టూ ఏం చేసినా మధ్య భాగం వేడిగానే ఉండిపోతుంది. నాలుగైదు లీటర్ల చొప్పున స్టీలు డబ్బాల్లోకి విడగొట్టండి. పాత ఫ్రిజ్‌లో రెండు అరలు తీసేసి వాటిని పేర్చి, మధ్య డబ్బాకు సెన్సర్ కట్టండి. రోజూ ఒకే రుచి ఇవ్వాల్సిన వాళ్లకు ఈ ఖర్చు తిరిగొస్తుంది. పుల్లటి పిండిని పారబోయడం గానీ, సోడా వేసి అమ్మడం గానీ ఉండదు. వారం వారం వచ్చేవాళ్లు రుచి మారిందని అనరు.

ఏ పద్ధతైనా ఆపాల్సిన సమయం గిన్నె చెబుతుంది. రుబ్బాక గిన్నె బయట మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. పిండి దానికి ఒకటిన్నర రెట్లు దాటి, పైన గుమ్మటంలా ఉబ్బి, పక్కన చిన్న చిన్న గాలి బుడగలు కనిపిస్తే సరైన సమయం. పైభాగం గుంటపడటం మొదలైతే ఆలస్యమైనట్టు.

పెరుగు మాటేంటి?

పెరుగు తోడు అడిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. గట్టిగా తోడుకునే పెరుగుకు 40 డిగ్రీల చుట్టూ ఉన్న వెచ్చదనం నప్పుతుంది, మే నెలలో నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. అక్కడ పులుపు వచ్చేది తోడుకునేటప్పటి వేడి వల్ల కంటే, తోడుకున్నాక బయటే వదిలేయడం వల్ల. కాబట్టి పెరుగు గిన్నెను పిండితో పాటు ఐసు పెట్టెలో పెట్టకండి. సాయంత్రం నాలుగింటికి తోడుపెట్టి, గిన్నె కాస్త వంచితే పెరుగు కదలకుండా ఉన్న క్షణంలోనే ఫ్రిజ్‌లోకి మార్చండి. రాత్రి పదింటికి తోడుపెట్టి ఉదయం చూసే అలవాటును ఈ రెండు నెలలు పక్కన పెడితే చాలు.